ఆదుకోవడం కంటే ముందు ఆలకించడం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





సంస్కృతుల మధ్య అవగాహన గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఫోన్ చేసి చెప్పారు. విషయం పెద్దది, నాకిచ్చిన సమయం చిన్నది. అందుకని ఒక మనిషి జీవితాన్ని పట్టుకుని మాట్లాడతాను. ఆవిడ పేరు లైలా అబూ లుఘుద్. అరబ్బు సమాజాల మీద నలభై ఏళ్లకు పైగా పనిచేసిన ఆంత్రోపాలజీ ఆచార్యురాలు. ఆంత్రోపాలజీ అంటే మానవశాస్త్రం. మనుషుల మధ్య ఉండి, వాళ్ల బతుకును చూసి రాసే చదువు.

దానధర్మాల సభలో ఈ ప్రొఫెసరమ్మ సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. ముస్లిం స్త్రీలను ఎవరైనా వచ్చి నిజంగా కాపాడాలా అని ఆమె ఒక ప్రశ్న వేశారు. ప్రపంచంలో చాలామందిని ఆలోచింపజేసిన ప్రశ్న అది. కాపాడటం, ఆదుకోవడం మన సొసైటీ పని కూడా. కాబట్టి ఆ ప్రశ్న మనకూ తగులుతుంది.

ముందు ఆమె ఎవరో చెబుతాను. లైలా 1952లో పుట్టారు. తండ్రి ఇబ్రాహీం అబూ లుఘుద్‌ది పాలస్తీనాలోని సముద్రతీర నగరం యాఫా. 1948లో లక్షలాది పాలస్తీనీయులతో పాటు ఆయన కూడా సొంత ఊరు వదిలిపోవలసి వచ్చింది. అమెరికాలో రాజనీతిశాస్త్ర ఆచార్యుడయ్యారు. చివరి రోజుల్లో పాలస్తీనాకు తిరిగి వెళ్లి, బీర్‌జైత్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 2001లో చనిపోయారు. ఆయన ఖననం యాఫాలోనే జరిగింది. తల్లి జానెట్ అమెరికాకు చెందిన యూదు కుటుంబంలో పుట్టిన సమాజశాస్త్రవేత్త. కైరో నగర చరిత్ర మీద పెద్ద గ్రంథం రాశారు. అంటే ఒకే ఇంట్లో రెండు లోకాలు. ఒకరి మాట ఇంకొకరికి ఎలా చేరుతుంది, ఎక్కడ చేరకుండా ఆగిపోతుంది అన్నది ఆ పిల్లకు పుస్తకంలో పాఠం కాదు, ఇంట్లో రోజూ కనిపించే సంగతి.

ఆ రోజుల్లో సంస్కృతుల మధ్య సంభాషణ అనే చదువు అమెరికాలో అప్పుడప్పుడే పెరుగుతోంది. దానికి పునాది వేసినవారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్ హాల్. విదేశాలకు వెళ్లే అమెరికా అధికారులకు ఆయన శిక్షణ ఇచ్చారు. 1959లో ఒక పుస్తకం, 1966లో మరొకటి రాశారు. మనుషులు మాట్లాడేటప్పుడు ఎంత దగ్గరగా నిలబడతారు, సమయాన్ని ఎలా చూస్తారు, చూపులతో ఏం చెబుతారు అన్నవి ఒక్కో సమాజంలో ఒక్కో తీరుగా ఉంటాయని చూపించారు. అరబ్బులు ఎదుటివారికి చాలా దగ్గరగా నిలబడి మాట్లాడతారని, అది వాళ్లకు ఆప్యాయత అని, అమెరికన్లకు మాత్రం ఇబ్బందిగా ఉంటుందని ఆయన రాశారు.

ఇది పనికొచ్చే చదువే. కాదనను. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఇలాంటి చదువు చేతులు మారేకొద్దీ చిన్న జాబితాగా మిగులుతుంది. అరబ్బులు ఇలా ఉంటారు, ఇది చేయవద్దు, అది అనవద్దు, ఎడమచేత్తో ఇవ్వవద్దు అని పది వాక్యాలు. ఆ పది వాక్యాలు చదివినవాడు తనకు అరబ్బులు తెలిసిపోయారని అనుకుంటాడు. ఎదుట నిలబడిన మనిషి ఏం చెబుతున్నాడో ఇక వినడు. హైదరాబాదు బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చిన హద్రమీ అరబ్బుల వారసులున్నారు. కువైట్‌లో వ్యాపారులున్నారు. ఈజిప్టు ఎడారిలో గొర్రెల కాపరులున్నారు. వీళ్లందరికీ ఒకే జాబితా ఎలా సరిపోతుంది?

లైలా వేరే దారి పట్టారు. 1978లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థినిగా ఈజిప్టుకు వెళ్లారు. అలెగ్జాండ్రియా నుంచి లిబియా సరిహద్దు దాకా ఉన్న పడమటి ఎడారిలో ఔలాద్ అలీ అనే బదూ తెగలు ఉంటాయి. ఔలాద్ అంటే సంతానం అని ఉర్దూ తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు గుడారాలతో తిరిగే జనం. ఆమె వెళ్లేనాటికి చాలామంది రాతి ఇళ్లు కట్టుకుని, పక్కనే గుడారమూ వేసుకుని ఉంటున్నారు. వాళ్ల మధ్య ఉండి పరిశోధన చేయాలని ఆమె ఉద్దేశం.

ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. ఆమె బయలుదేరేటప్పుడు తండ్రి నేనూ వస్తానన్నారు. పెద్ద విశ్వవిద్యాలయంలో చదువుకున్న అమ్మాయికి, పరిశోధనకు తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లడం మొదట్లో నామోషీగానే తోచింది. తర్వాతగానీ ఆయన మనసులోని మాట అర్థం కాలేదు. పెళ్లికాని ఆడపిల్ల ఏ తోడూ లేకుండా ఎక్కడి నుంచో వస్తే, ఈ పిల్లకు అయినవాళ్లు లేరా అని వాళ్లు అనుమానించేవారు. తండ్రి స్వయంగా వచ్చి ఆ కుటుంబ పెద్ద అయిన హాజీగారితో మాట్లాడి అప్పగించేసరికి, ఆమె ఒక గౌరవమైన కుటుంబపు బిడ్డ అయింది. ఆ హాజీగారి ఇంట్లో మొదట అతిథిగా, తర్వాత కూతురిలా, 1980 దాకా సుమారు రెండేళ్లు ఉన్నారు.

కూతురు అయ్యాక హక్కులతో పాటు బాధ్యతలూ వస్తాయి. ఎక్కడ పడితే అక్కడికి వెళ్లడానికి వీల్లేదు. మగవాళ్ల మజ్లిస్‌లో కూర్చుని ప్రశ్నలు వేయడానికి లేదు. ఇంటి పనుల్లో చేయి వేయాలి, పెళ్లికి వెళ్లాలి, చావుకు వెళ్లాలి. పరిశోధకురాలికి ఇవన్నీ అడ్డంకులే అనుకోవచ్చు. కానీ బయటివాళ్లు ఎవరూ చూడని స్త్రీల లోకం ఆమెకు ఆ అడ్డంకుల వల్లే తెరుచుకుంది. ప్రశ్నల కాగితం పట్టుకుని వచ్చినవారికి జనం జవాబు చెబుతారు. పక్కన కూర్చుని పని చేసేవారికి మనసు చెబుతారు. ముప్పై ఏళ్లుగా పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడుతున్న నాకు ఈ తేడా బాగా తెలుసు.

అక్కడ ఆమె గమనించినవాటిలో రెండు చెబుతాను. మొదటిది పరదా. ఆ తెగల్లో హషమ్ అనే మాట ఉంది. మనం హయా అంటామే, దానికి దగ్గరి మాట. బిడియం, మర్యాద, ఆత్మగౌరవం మూడూ అందులో ఉన్నాయి. పెళ్లయిన స్త్రీ నడుముకు ఎర్రని పట్టీ, తలకు నల్లని వస్త్రం కట్టుకుంటుంది. ఆ నల్లని వస్త్రాన్ని ముఖం మీదికి ఎప్పుడు లాక్కుంటుంది? మగవాడు కనిపించిన ప్రతిసారీ కాదు. మామగారి ఎదుట, కుటుంబ పెద్దల ఎదుట లాక్కుంటుంది. తనకన్నా చిన్నవాళ్ల ఎదుట, తన గౌరవానికి తగని మగవాళ్ల ఎదుట లాక్కోదు. అంటే ఆ గుడ్డ ఒక మాట మాట్లాడుతోంది. మిమ్మల్ని పెద్దగా చూస్తున్నాను అని చెబుతోంది. ఎవరికి ఆ గౌరవం ఇవ్వాలన్నది చాలావరకు ఆమె విచక్షణ. దూరం నుంచి చూసినవాడికి గుడ్డ ఒక్కటే కనిపిస్తుంది. దగ్గర ఉన్నవారికే దాని మాట వినిపిస్తుంది.

రెండోది పాట. ఆ జనంలో గిన్నావా అనే చిన్న పాటలున్నాయి. రెండు పాదాలు, అంతే. మామూలు మాటల్లో ఔలాద్ అలీ స్త్రీలు, పురుషులు గట్టి మనుషులు. బాధపడుతున్నామని ఒప్పుకోరు. భర్త ఇంకో పెళ్లి చేసుకుంటే, చేసుకోనీ, నాకేమీ పట్టింపు లేదు అని తల ఎగరేస్తారు. బలహీనత చూపడం వాళ్లకు పరువు తక్కువ. కానీ అదే స్త్రీ, నమ్మకమైన నలుగురి మధ్య పని చేసుకుంటూ చిన్న గిన్నావా అంటుంది. అందులో కడుపులోని దుఃఖమంతా ఉంటుంది. ఆ పాట పది మందిలో అనరు. పెద్దల ముందు అనరు. దగ్గరివాళ్ల దగ్గర మాత్రమే అంటారు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక సర్వే చేసేవారు వచ్చి, అమ్మా, నీ భర్త రెండో పెళ్లి చేసుకున్నాడు కదా, నీకు బాధగా ఉందా అని అడిగితే లేదు అనే జవాబు వస్తుంది. కాగితం మీద లేదు అనే రాస్తారు. ఆ లేదు అబద్ధం కాదు, అది ఆమె పరువు. పాట కూడా అబద్ధం కాదు, అది ఆమె మనసు. రెండూ విన్నవారికే ఆ మనిషి తెలిసినట్టు. ఈ అధ్యయనమంతా 1986లో ఆమె మొదటి పుస్తకంగా వచ్చింది. బదూ సమాజంలో పరువు, కవిత్వం దాని విషయం. ఈనాటికీ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథం.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆ కుటుంబం దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కొత్త తరం ఆడపిల్లలు ముఖానికి రంగులు, కొత్త రకం బట్టలు కావాలని పెద్దవాళ్లతో గొడవపడటం చూశారు. ఇంకొకరైతే దీన్ని స్వేచ్ఛ అని మెచ్చుకుని ఊరుకునేవారు. ఆమె ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇంటి పెద్దల మాట తప్పించుకుంటున్న ఈ పిల్లలు బజారు మాటకు, డబ్బు మాటకు కొత్తగా లొంగుతున్నారు కదా అని అడిగారు. 1991లో రాసిన ఒక వ్యాసంలో, సంస్కృతి అనే మాటనే కాస్త జాగ్రత్తగా వాడమన్నారు. ఫలానా సంస్కృతివాళ్లు ఇలాగే ఉంటారు అని మనం అన్న క్షణంలో వాళ్ల మధ్య ఉండే తేడాలు, తగవులు, మార్పులు, ఒక్కొక్కరి కథ అన్నీ చెరిగిపోతాయి. అందుకే 1993లో వచ్చిన పుస్తకంలో ఆ స్త్రీల కథలను ఎక్కువగా వాళ్ల మాటల్లోనే చెప్పారు. తర్వాత ఈజిప్టు టీవీ సీరియళ్ల మీద పరిశోధించి 2005లో ఇంకో పుస్తకం తెచ్చారు. కైరోలో కూర్చున్న చదువుకున్న రచయితలు పల్లె స్త్రీలకు బుద్ధి చెప్పాలని సీరియళ్లు రాస్తారు. పల్లె స్త్రీలు వాటిని ఇష్టంగా చూస్తారు, ఏడుస్తారు, నవ్వుతారు. కానీ వాళ్ల కష్టాలు వేరు. సీరియల్‌లోని సలహా వాళ్ల చేతికి అందేది కాదు.

2001 వచ్చింది. సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా అఫ్ఘానిస్తాన్ మీద యుద్ధానికి వెళ్లింది. ఆ నవంబరులో అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ, అఫ్ఘాన్ స్త్రీల కష్టాలను యుద్ధానికి జోడించారు. ఆ రోజుల్లోనే ఒక టీవీ కార్యక్రమం వారు లైలాను సంప్రదించారు. వాళ్లు తయారుచేసుకున్న ప్రశ్నలు ఆమె చూశారు. ముస్లిం స్త్రీలు ఇది నమ్ముతారా, ఇస్లాం స్త్రీలకు అది ఒప్పుకుంటుందా, ఇలా ఉన్నాయి. ముస్లిం అన్నచోటల్లా క్రైస్తవ అనో యూదు అనో పెట్టి చూడండి, అప్పుడు ఈ ప్రశ్నలకు అర్థం ఉంటుందా అని ఆమె అడిగారు. కోట్ల మంది స్త్రీలను ఒకే ప్రశ్నలో కుక్కడం ఆమెకు వింతగా తోచింది. పైగా, అఫ్ఘానిస్తాన్ ఈ స్థితికి రావడానికి దశాబ్దాల యుద్ధం, అందులో పెద్ద దేశాల పాత్ర ఏమిటని అడగకుండా, ఆడవాళ్ల ముసుగు గురించి మాత్రమే ఎందుకు అడుగుతున్నారన్నది ఆమె ప్రశ్న. 2002లో ఆ ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. 2013లో దాన్ని పుస్తకంగా పెంచారు.

ఆ వ్యాసంలో చరిత్ర నుంచి ఒక ఉదాహరణ ఉంది. 1883 నుంచి 1907 దాకా ఈజిప్టును ఆడించిన బ్రిటిష్ అధికారి లార్డ్ క్రోమర్. ఈజిప్టు స్త్రీల పరదా ఆ దేశం వెనుకబాటుకు గుర్తు అని ఆయన విమర్శించేవాడు. అదే క్రోమర్ ఇంగ్లండు తిరిగి వెళ్లి ఏం చేశాడో తెలుసా? ఆంగ్ల స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వకూడదనే పురుషుల సంఘానికి నాయకుడయ్యాడు. పరాయి ఇంటి ఆడవాళ్ల మీద జాలి, సొంత ఇంటి ఆడవాళ్లకు హక్కు లేదనడం, రెండూ ఒకే మనిషిలో. జాలి మాటలు విన్నప్పుడు ఈ పాఠం మరచిపోకూడదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయకూడదు. అయితే ముస్లిం సమాజాల్లో స్త్రీలకు అన్యాయమే లేదా? చూస్తూ ఊరుకోవాలా? ఇది వాళ్ల సంస్కృతి అని చేతులు దులుపుకోవాలా? లైలా అలా అనలేదు. అన్యాయం ఉందని ఆమె రాసిన ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఆమె పుస్తకంలో దక్షిణ ఈజిప్టు పల్లె స్త్రీ ఒకరు ఇదే సంగతి మాట్లాడతారు. స్త్రీలు బాధలు పడుతున్న మాట నిజమే, కానీ అది ఇస్లాం వల్ల కాదు, మా ప్రభుత్వం వల్ల అని ఆవిడ భావం. చదువుకున్నవాళ్లు మతం దగ్గర వెతుకుతున్న జవాబును ఆ పల్లెటూరి ఇల్లాలు పోలీసుల దగ్గర, అధికారుల దగ్గర చూపించింది. లైలా చెప్పేది ఇంతే. కాపాడతాం అని పైనుంచి దిగకండి. ఆ సమాజంలో ఇప్పటికే న్యాయం కోసం పనిచేస్తున్నవారి పక్కన నిలబడండి. వాళ్లు కోరేది మీరు కోరేదానికన్నా వేరుగా ఉండవచ్చు, దానికి సిద్ధపడండి. మీవల్ల జరుగుతున్న అన్యాయం ఏదైనా ఉంటే ముందు దాన్ని ఆపండి.

మిత్రులారా, ఇక మన సంగతికి వస్తాను. ఈ మాటలు అమెరికావారికి మాత్రమే చెప్పినవని మనం హాయిగా చప్పట్లు కొట్టి వెళ్లిపోవచ్చు. అలా చేస్తే ఈ ప్రసంగం వృథా.

మా బడిలో తలకు స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయిని చూసి, ఇది నీ ఇష్టమా, ఇంట్లోవాళ్ల బలవంతమా అని అడిగిన అతిథులు నాకు తెలుసు. పదో తరగతి తర్వాత ఎందుకు మానేశావమ్మా అని ఆ పిల్లను అడిగినవారు తక్కువ. అడిగితే ఆమె చెబుతుంది. కాలేజీ దూరం, సాయంత్రం బస్సు లేదు, అమ్మకు ఒంట్లో బాగాలేదు, తమ్ముణ్ణి చూసుకోవాలి. స్కార్ఫ్ గురించి వంద ప్రశ్నలు, బస్సు గురించి ఒక్కటీ లేదు. ఇది బయటివాళ్ల తప్పు అనుకుందాం. మరి మనం? వితంతువు అనగానే కుట్టుమిషన్ అని మనమూ రాసేస్తున్నాం కదా. ఆమెకు కుట్టు వచ్చా, చూపు ఆనుతుందా, ఆ వీధిలో ఇప్పటికే ఎన్ని మిషన్లున్నాయి, అసలు ఆమెకు కావలసింది పెన్షన్ కాగితాలు రాసిపెట్టే మనిషేమో అని అడుగుతున్నామా? ఫలానావాళ్లకు ఫలానాది చాలు అన్న జాబితా మన జేబులోనూ ఉంది.

ఇంకో మాట. మన కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లారు. వాళ్లలో ముస్లింలున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. అరబ్బు ఇంట్లో, అరబ్బు వంటగదిలో, అరబ్బు పిల్లల్ని ఎత్తుకుని ఏళ్లు గడిపారు. అక్షరం రాకపోయినా అరబీ మాట్లాడటం నేర్చారు. ఆ ఇళ్లలో మంచివాళ్లనూ చూశారు, చెడ్డవాళ్లనూ చూశారు. అరబ్బు కుటుంబాన్ని లోపలి నుంచి ఎరిగినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లు తిరిగి వచ్చినప్పుడు మనం అడిగేది ఒక్కటే, ఎంత సంపాదించావ్ అని. ఏం చూశావ్, ఏం భరించావ్, రేపు వెళ్లబోయే పిల్లకు ఏం చెబుతావ్ అని అడగం. ఏజెంటు చెప్పిన నాలుగు మాటలు నమ్మి ఇంకో పిల్ల విమానం ఎక్కుతుంది. ఆ అక్కలు నోరు విప్పితే కొన్ని మోసాలైనా ఆగుతాయి.

అందుకే సొసైటీ ముందు మూడు చిన్న మనవులు పెడుతున్నాను. ఒకటి, సాయం కోసం వచ్చే దరఖాస్తులో, మీకు ఏది అవసరమని మీరు అనుకుంటున్నారు అనే ఒక్క గడి చేర్చండి. రాయలేనివారు చెబితే మనం రాద్దాం. రెండు, స్త్రీల దరఖాస్తులు చూడటానికి వెళ్లే బృందంలో ఇద్దరు స్త్రీలైనా ఉండాలి. ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి పరువు మాట్లాడుతుంది. రెండోసారి, అల్లాహ్ తలిస్తే, మనసు మాట్లాడుతుంది. మూడు, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన అక్కచెల్లెళ్లను ఏడాదికి ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడించండి. వేదిక మీద వాళ్లు ఉండాలి, మనం కింద కూర్చోవాలి.

ఇందులో మనకు కొత్త ధర్మం ఏదీ లేదు. మనుషులు జాతులుగా, తెగలుగా ఉన్నది ఒకరినొకరు తెలుసుకోవడానికే అని సూరా హుజురాత్ 13వ ఆయత్ చెబుతోంది. దానికి ముందున్న ఆయత్ అనుమానాలను, చాటుమాటలను వదలమంటోంది. అనుమానం వదిలితేనే తెలుసుకోవడం మొదలవుతుందని ఈ వరుస నుంచి నేను గ్రహించుకున్నాను. సూరా బఖరా 264వ ఆయత్ అయితే, ఇచ్చి దెప్పితే, ఇచ్చి మనసు నొప్పిస్తే ఆ దానమే వ్యర్థమని హెచ్చరిస్తోంది. అడగకుండా, వినకుండా ఇవ్వడంలో కూడా ఒక నొప్పి ఉందని లైలా అబూ లుఘుద్ చదువు నాకు నేర్పింది.

మన చేతికి ఇచ్చే శక్తితో పాటు మన చెవికి వినే ఓర్పునూ అల్లాహ్ ప్రసాదించుగాక.